మడమ అరిగిన బూట్లు

గుర్రాల ఫారం, కుందుర్పి దగ్గర
నవంబరు 2002

అన్నకు,

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. వదిన మోకాలి నొప్పి ఎట్లా ఉంది? మీ కదిరి పక్క ఒక వానైనా పడిందని బస్సులో వచ్చినవాళ్ళు చెప్పారు. మాకు అదీ లేదు. ఫారంలో రెండు బోర్లు ఎండిపోయాయి. గుర్రాలు తాగాక మిగిలిన నీళ్ళే మనుషులకు.

కండక్టరు చేతికి ఒక గోనెసంచి ఇచ్చి పంపుతున్నాను. అందులో ఉన్నవి నువ్వు ఆయనకు కుట్టి ఇచ్చిన స్వారీ బూట్లు. కుడిది ముందరివైపు నోరు తెరిచింది. ఎడమదానికి చీలమండ దగ్గర తోలు పగిలింది. ఇంకా రెండేళ్ళు కూడా నిండలేదు కదన్నా? కొత్తవి ఇప్పించమని మేనేజరు లక్ష్మీపతిని అడిగితే, "మూడేండ్లకు ఒక జతే. తోలు బూట్లంటే పదేండ్లు రావల్ల. మీయన్న యా మాత్రం కుట్టినాడో పోయి ఆయప్పనే అడుగుపో" అన్నాడు. పనివాళ్ళందరి ముందర అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తోలు బూట్లు ఎన్నాళ్ళు రావాలి? నువ్వే చెప్పు. నీ పనిని తప్పు పట్టడానికి కాదు, ఆ మనిషికి నేను జవాబు చెప్పుకోవాలి. అవి లేకపోతే ఇక్కడ పని ఆగిపోతుంది. తొందరగా కుట్టి అదే బస్సుకు ఇచ్చి పంపు.

నీ చెల్లెలు
రామాంజినమ్మ


కదిరి
నవంబరు 2002

చెల్లెలు రామాంజినమ్మకు,

సంచి అందింది. నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. లక్ష్మీపతి మాట దగ్గర ఆపేశాను, మళ్ళీ చదవలేకపోయాను. నాయన దగ్గర ఈ పని నేర్చుకున్నప్పటి నుంచి ఎవరూ నన్ను అంత మాట అనలేదు.

ఎన్నాళ్ళు రావాలి అని అడిగావు. ఎవరు ఎక్కడ తొడుక్కుంటారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్వారీ బూటు జీను మీద కూర్చోవడానికి పుట్టింది. విప్పగానే తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, నెలకోసారి నూనె పట్టించి, మడమ అరిగినప్పుడల్లా కొత్త మడమ వేయించుకుంటే పదేళ్ళు ఎక్కడికీ పోదు. నాయన కుట్టిన ఒక జతను పోలీసులో చేసిన ఒక పెద్దాయన ఇప్పటికీ నా దగ్గరికి తెచ్చి అడుగులు మార్పించుకుపోతాడు. అదే బూటు వేసుకొని గుర్రాల కొట్టంలో పేడ ఎత్తితే ఏడాది రావడం గొప్ప. గుర్రపు ఉచ్చలో ఘాటు ఉంటుంది. అది ముందు దారాన్ని తింటుంది, తర్వాత తోలును తింటుంది. కొట్టం పనికి వేరే బూట్లు ఉండాలి, మందపు అడుగుతో, పొట్టిగా. అవైనా రెండేళ్ళకు మించి రావు. ఆ సంగతి లక్ష్మీపతికి నేను ఆర్డరు తీసుకున్నప్పుడే చెప్పాను. రెండు జతలెందుకు, ఒకటి చాలు అన్నాడు.

నువ్వు పంపినవాటికి తెల్లటి ఉప్పు పట్టింది. మడమలు అరిగిపోయాయి. కుట్టు ఊడలేదు, కుళ్ళింది. ఎవరో పొయ్యి పక్కన ఆరబెట్టారు కూడా. మీ ఆయన తిప్పేష్ గుర్రమెక్కే మనిషి కదా, పేడలో ఎందుకు నడుస్తున్నాడు? ఏ ఉత్తరమైనా కింద తన చేత్తో రెండు ముక్కలు రాసేవాడు. ఈసారి అవీ లేవు. నా మీద ఏమైనా కోపమా?

పని మొదలుపెట్టాను.

కదిరప్ప


గుర్రాల ఫారం, కుందుర్పి దగ్గర
డిసెంబరు 2002

అన్నకు,

ఆయనకు నీ మీద కోపమెందుకు? రాయడానికి తీరిక లేదు, అంతే. కొట్టం ఊడ్చేవాళ్ళు ముగ్గురు బెంగళూరుకు కూలికి పోయారు. ఇప్పుడు అందరూ అన్ని పనులూ చేస్తున్నారు. అందుకే బూట్లు అట్లా అయ్యాయి.

పెద్ద మరమ్మతు ఏమీ వద్దు. అడుగు అతికించి నాలుగు కుట్లు వేసి పంపు చాలు. లోపల విప్పే పని పెట్టుకోవద్దు. ఈ వారం బస్సుకే పంపు.

రామాంజినమ్మ


కదిరి
డిసెంబరు 2002

రామాంజినీ,

లోపల విప్పవద్దని నీ ఉత్తరం వచ్చేసరికి విప్పేశాను.

బూటు లోపలి అట్ట మీద తొడుక్కున్న మనిషి పాదం అచ్చు పడుతుంది. ఇందులో రెండు అచ్చులున్నాయి. పెద్దది పాతది, అది తిప్పేష్‌ది. దాని మీద ఇంకొకటి కొత్తగా పడింది, రెండు వేళ్ళంత పొట్టిది. ముందర ఖాళీ నిండడానికి గుడ్డ పేలికలు కుక్కారు. పిక్క మీద జారిపోకుండా తాడు కట్టిన గీత ఉంది. పిక్క లోపలివైపు తోలు నున్నగా అరిగింది. అది జీను నుంచి వేలాడే రికాబు పట్టీ రాసుకుంటేనే అరుగుతుంది, పేడ ఎత్తితే అరగదు.

కాలు చిన్నగా ఉన్న మనిషి ఎవరో ఈ బూట్లు వేసుకొని గుర్రమెక్కుతున్నారు. ఆ పేలికలను మీ వదిన గుర్తుపట్టింది. పోయినేడు మేము నీకు పెట్టిన ఆకుపచ్చ చీర అది.

తిప్పేష్ ఎక్కడ?

కదిరప్ప


గుర్రాల ఫారం, కుందుర్పి దగ్గర
జనవరి 2003

అన్నా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఆయన ఇక్కడే ఉన్నాడు. మంచంలో ఉన్నాడు. పోయిన ఆషాఢంలో గుర్రం మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆ రోజు మేనేజరు జీపు ఇవ్వలేదు, ఓనరుకు తెలుస్తుందని. ఊళ్ళో కట్టు కట్టించాడు. ఆ కట్టు నిలవలేదు. తర్వాత అనంతపురం పెద్దాసుపత్రికి నేనే తీసుకుపోయాను. ఎముక వంకరగా అతుక్కుందని, మళ్ళీ విరిచి సరిచేయాలంటే బెంగళూరు పోవాలని అన్నారు. కాలు కిందికి దించితే నిలవడం లేదు.

నీకు చెప్పవద్దని ఆయనే ఒట్టు వేయించుకున్నాడు. "మీయన్న వ్యాను ఏసుకొని వస్తాడు. బావ ఇంట్లో మంచం మీద పడుండి తినే బతుకు నాకొద్దు" అన్నాడు. పనిచేసే మనిషి లేకపోతే ఈ గది కూడా ఉండదు. అందుకని ముందు కొట్టం పనికి నేను దిగాను. తర్వాత కెంపి అని ఒక ఎర్ర ఆడగుర్రం ఉంది, అది ఆయన చేతి కింద పెరిగింది, ఇంకెవరినీ ఎక్కనివ్వదు. గడ్డి వేసేది నేనే కాబట్టి నన్ను ఎక్కనిచ్చింది. ఆయన గుమ్మం దగ్గరికి మంచం జరిపించుకొని, అక్కడి నుంచే అరిచి నేర్పించాడు. ఎట్లా కూర్చోవాలి, ఎక్కడ పట్టు వదలాలి, అన్నీ.

ఇది లక్ష్మీపతికి తెలుసు. మా ఆయన చొక్కా తొడుక్కొని రుమాలు కట్టుకోమని చెప్పింది అతనే. ఓనరు నెలకోసారి కారులో వస్తాడు, దూరం నుంచి చూసి పోతాడు. ఓనరు లెక్కలో గుర్రమెక్కేది తిప్పేషే. మార్చిలో వచ్చి కెంపి పరుగు చూస్తాడట. నీళ్ళు లేక ఫారం ఎత్తేస్తున్నారు. నచ్చిన గుర్రాలను బెంగళూరు పక్కన దొడ్డబళ్ళాపురం దగ్గరికి తోలుకుపోతారు, వాటితో పాటు వాటిని చూసే మనుషులను కూడా. మిగతావాళ్ళు ఎవరి దారి వారిది.

ఇప్పుడు అర్థమైందా బూట్లు ఎందుకు కావాలో? తిట్టాలనుంటే తిట్టు. బూట్లు మాత్రం పంపు.

రామాంజినమ్మ


కదిరి
జనవరి 2003

రామాంజినీ,

పంపను.

ఒక మనిషిని మంచాన పడేసిన చోట ఇంకో మనిషిని గుర్రమెక్కించడానికి నా చేత్తో కుట్టి పంపాలా? ఆడపిల్లవని అనడం లేదు. నువ్వు మొండిదానివని చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ నీకేమైనా అయితే మంచంలో ఉన్న ఆ మనిషికి నీళ్ళిచ్చేవాళ్ళు ఎవరు? ఆ మాట ఒక్కసారైనా అనుకున్నావా?

ఇద్దరూ వచ్చేయండి. అంగడి వెనక గది ఖాళీ చేయిస్తున్నాను. తిప్పేష్‌కు కష్టంగా ఉంటుందని తెలుసు. కష్టంగానే ఉండనీ. బతికి ఉంటే చాలు. అమావాస్య వెళ్ళాక వ్యాను తీసుకొని నేనే వస్తాను.

బూట్లు నా దగ్గరే ఉంటాయి.

కదిరప్ప


గుర్రాల ఫారం, కుందుర్పి దగ్గర
ఫిబ్రవరి 2003

బావా,

నేను తిప్పేష్. రామాంజినికి తెలియకుండా రాస్తున్నాను. ఆమె నీళ్ళ ట్యాంకరు దగ్గర ఉంది.

నువ్వు బూట్లు ఆపావు, ఆమెను ఆపలేకపోయావు. నిన్న చెప్పులతో ఎక్కింది. నేను గుమ్మంలో నుంచి చూస్తున్నాను. మలుపు దగ్గర కెంపి కొంచెం వేగం పెంచింది. ఈమె ఎడమ కాలు చెప్పుతో సహా రికాబులో నుంచి అవతలికి దూరిపోయింది, చీలమండ దాకా. అప్పుడు గనక పడి ఉంటే కాలు ఇరుక్కొని గుర్రం ఆమెను ఈడ్చుకుపోయేది. నేను లేచి పరిగెత్తబోయాను బావా. నా కాలు సంగతి మర్చిపోయాను. మంచం పక్కన పడ్డాను. తలెత్తి చూసేసరికి గుర్రాన్ని ఆపి, వంగి, చేత్తో కాలు బయటికి లాక్కుంటోంది. నా దగ్గరికి వచ్చి, "నువ్వెందుకు కింద పడినావు?" అంది.

నేను పడింది కూడా అట్లాగే. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను. బూటు మడమ పూర్తిగా అరిగిపోయింది. మడమ అడ్డం ఉంటేనే కదా పాదం రికాబులో ఆగేది? అది చూపించి లక్ష్మీపతిని రెండుసార్లు అడిగాను. "ఇంకా టయిం ఉండాది పోప్పా" అన్నాడు. ఆ రోజు కంచె పొడుగునా గుర్రం నన్ను ఈడ్చింది.

ఆమెను ఎక్కవద్దని చెప్పి చూశాను. వినదు. ఎక్కడం మానే మనిషి కాదు కాబట్టి, మడమ ఉన్న బూట్లతో ఎక్కాలి. నిన్ను నేను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

తిప్పేష్


కదిరి
ఫిబ్రవరి 2003

చెల్లెలు రామాంజినమ్మకు,

తిప్పేష్ ఉత్తరం అందింది. అతను రాశాడని నీకు చెప్పే ఉంటాడు. చెప్పకపోతే ఇప్పుడు తెలిసింది. వ్యానుతో వచ్చినా నువ్వు ఎక్కవని అర్థమైంది, అందుకే రాలేదు.

కొత్త బూట్లు కుడదామని తోలు కోశాను. మళ్ళీ ఆగాను. కొత్త తోలు బిరుసుగా ఉంటుంది, చీలమండ దగ్గర వంగడానికి నెలైనా పడుతుంది. ఆ బిరుసు బూటుతో పరుగెత్తే గుర్రమెక్కితే కాలికి రికాబు ఎక్కడుందో తెలియదు. అందుకని పాతవాటి పైతోలునే విప్పి, మంచి భాగం చూసుకొని, చిన్నగా కోసి కుట్టాను. నీ కొలత నిన్ను అడగలేదు. లోపలి అట్ట మీద నీ పాదం ఉంది కదా. దానికి సరిపడే కొయ్య పాదం ఒకటి, ఫర్మా అంటాం, చెక్కించి దాని మీద బిగించాను. అడుగు కొత్తది, మడమ కొత్తది, నాలుగు పొరల తోలు, కింద మేకులు. అడుగు నున్నగానే ఉంచాను, పడితే కాలు జారి బయటికి రావాలని.

ఇది మళ్ళీ పదేళ్ళు వచ్చే బూటు కాదు. పైతోలు అలసిపోయింది. ఈ ఎండాకాలం దాటితే నమ్మవద్దు. కొట్టంలోకి వేసుకుపోవద్దు, వేసుకుపోయావని తెలిస్తే నేనే వచ్చి లాక్కుంటాను.

నాకు ఇష్టమై పంపడం లేదు. ఆ మాట నీకు తెలియాలి.

కదిరప్ప


గుర్రాల ఫారం, కుందుర్పి దగ్గర
మార్చి 2003

అన్నా,

బూట్లు సరిపోయాయి. లోపల పేలికలు పెట్టకుండా బూటు తొడుక్కోవడం ఇదే మొదలు.

నిన్న పొద్దున్నే ఓనరు వచ్చాడు. ఈసారి కారులో కూర్చోలేదు, దిగి కంచె దగ్గర నిలబడ్డాడు. లక్ష్మీపతి పక్కనే. నేను రుమాలు ముఖం దాకా లాగి కట్టుకున్నాను. మొదటి చుట్టు కెంపి గాలిలాగా పోయింది. రెండో చుట్టులో సగం దూరం పోయాక, రోడ్డు మీద నీళ్ళ ట్యాంకరువాడు గట్టిగా హారను కొట్టాడు. కెంపి అడ్డంగా ఎగిరింది. నేను పడ్డాను. ఎడమ చెయ్యి నేలకు కొట్టుకుంది. కాలు మాత్రం రికాబులో నుంచి శుభ్రంగా బయటికి వచ్చింది. పడుతూ నేను ముందు చూసుకున్నది అదే.

లేచేసరికి రుమాలు ఎక్కడో ఉంది, జడ వీపు మీద ఉంది. కెంపి కొంచెం దూరం పోయి ఆగింది. ఓనరు కంచె దాటి వచ్చి, తన కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు.

"యారు నువ్వు? తిప్పేష్ ఎక్కడ?"

"తిప్పేష్ నా మొగుడు సార్. తొడ ఇరిగి మంచంలో ఉండాడు. ఆషాఢం నుంచి ఎక్కేది నేనే."

ఆయన లక్ష్మీపతి వైపు తిరిగాడు. "ఏనప్పా ఇది?"

"నాకు తెల్దు సార్. నన్ను మోసం చేసినారు ఇద్దరూ" అన్నాడు లక్ష్మీపతి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు తెల్దా? రుమాలు కట్టమనింది ఎవరు? మడమ అరిగిపోయిందని ఆయప్ప రెండుసార్లు వచ్చి అడిగితే టయిం ఉండాది పొమ్మనింది ఎవరు?" అన్నాను. అవునన్నా, ఆ సంగతి ఆయన నాకూ చెప్పాడు, నీ ఉత్తరం వచ్చిన రోజు.

నేను పోయి కెంపి పగ్గాలు పట్టుకున్నాను. ఓనరు, "ఇంక చాలు, కట్టేయ్" అన్నాడు. "సగమే అయింది సార్. పూర్తి చేసి కట్టేస్తా" అన్నాను. చెయ్యి వాచిపోతోంది. కంచె గుంజ మీద కాలు పెట్టి ఎక్కాను. మిగతా సగం కూడా పరుగెత్తించి తీసుకొచ్చాను. ఆయన చూశాడో లేదో తెలియదు. నేను వచ్చేసరికి కారు గేటు దాటుతోంది.

సాయంత్రం లక్ష్మీపతి మనిషి వచ్చి నెలాఖరుకు గది ఖాళీ చేయాలని చెప్పిపోయాడు. నువ్వు వ్యాను తీసుకొని రా అన్నా. ఈ మాట రాయడానికి నాకు ఎంత కష్టమైందో నీకు తెలుసు. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. చెయ్యి విరగలేదు, బెణికింది.

రామాంజినమ్మ


కదిరి
ఏప్రిల్ 2003

చెల్లెలు రామాంజినమ్మకు, తిప్పేష్‌కు,

ఆ రోజు మీకు చెప్పకుండా వచ్చేసినందుకు మీ వదిన ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేనేం చేయను? నేను వ్యాను తెచ్చాను. సామాన్లు సగం ఎక్కించాం. అంతలో గుర్రాల లారీ వచ్చింది. ఆ డ్రైవరు దిగి, "ఎర్ర గుర్రం, దాని మీద ఎక్కే ఆయమ్మ, ఆయమ్మ మొగుడు. ముగ్గుర్నీ తీసకరమన్నాడు ఓనరు" అన్నాడు. నువ్వు నా ముఖం వైపు కూడా చూడలేదు. ఎక్కించిన సామాను దించడం మొదలుపెట్టావు. తిప్పేష్‌ను మంచంతో సహా గడ్డిమోపుల మధ్య ఎక్కించారు. అతను పైనుంచి నాకు చెయ్యి ఊపాడు. ఖాళీ వ్యానుతో నేను కదిరి దాకా వచ్చాను. దారంతా నిన్ను తిట్టుకుంటూనే వచ్చాను.

అది అట్లా ఉంచు. తిప్పేష్‌ను ఎత్తేటప్పుడు ఒకటి చూశాను. రెండు కాళ్ళూ చాచి పెడితే కుడి మడమ ఎడమదాని కంటే పైన ఆగిపోయింది. ఎముక అతుక్కుంది, కాలు పొట్టిదైంది. కింద పెడితే నిలవదని అంటున్నారు కదా, నిలవకపోవడం కాదు, నేల అందడం లేదు. ఇక్కడి ఎముకల డాక్టరును అడిగాను. ఎక్స్‌రే ఫోటోలో అతుకు గట్టిగా ఉంటే ఎత్తు బూటుతో నిలబెట్టవచ్చు అన్నాడు. ముందు అక్కడ ఒకసారి ఫోటో తీయించండి. తర్వాత గోడకు ఆనించి నిలబెట్టి, నడుము సమంగా వచ్చేదాకా కుడి పాదం కింద అట్టముక్కలు పేర్చు. ఆ మందం దారంతో కొలిచి పంపు.

ఈలోగా నీ రెండు జతలు కుట్టేస్తాను. ఒకటి జీను మీదికి, ఒకటి కొట్టంలోకి. వచ్చాక స్వారీ బూట్లను వెంటనే గుర్రమెక్కడానికి వాడకు. రోజూ సాయంత్రం ఇంట్లో వేసుకొని తిరుగు, వంగేదాకా. పాతవి పారేయ్.

కోపం పోలేదు.

కదిరప్ప


దొడ్డబళ్ళాపురం దగ్గర
జులై 2003

అన్నకు,

పెట్టె అందింది. ఇక్కడ వాన పడుతోంది. బూట్లు ఆరబెట్టడానికి నీడ వెతుక్కోనక్కర లేదు, ఎండే లేదు. కొట్టం జత వేరే గూట్లో పెట్టాను, ఒట్టు.

తన బూటు చూసి ఆయన మొదట నవ్వాడు. కుడిదానికి అంత మందపు అడుగు ఉంటే ఇటుకరాయి కట్టుకున్నట్టుంది అన్నాడు. నాలుగు రోజులు మంచం కిందే పెట్టాడు. నేనూ ఏమీ అనలేదు. డాక్టరు ఫోటో చూసి బాగుందన్నాడు కాబట్టి భయం లేదు, కానీ బలవంతం చేస్తే మొండికేస్తాడని ఊరుకున్నాను.

నిన్న పొద్దున నేను కెంపికి జీను వేస్తున్నాను. వెనక నుంచి టక్, టక్ అని చప్పుడు. తిరిగి చూస్తే ఆయన. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గోడ. ముఖమంతా చెమట. గది నుంచి కొట్టం దాకా అట్లాగే వచ్చాడు. నేను పోయి పట్టుకోబోతే వద్దని తల ఊపాడు. కెంపి దగ్గరికి వచ్చి, గోడ వదిలి, ఆ చేతిని జీను పట్టీ కిందికి పోనిచ్చాడు.

"ఇదేందే? ఇంత వదులుగా కట్టినావు? జీనుతో సహా కింద పడాలనుకొంటాండావా?"

పడినప్పటి నుంచి ఇప్పటిదాకా ఆయన నన్ను కసిరి ఒక్క మాట అనలేదన్నా. ఉప్పు ఎక్కువైనా, నీళ్ళు ఆలస్యమైనా, ఏది ఇస్తే అది తీసుకొని ఊరుకునేవాడు. అది చూస్తే నాకు ఎక్కువ భయమేసేది. నిన్న మాత్రం పట్టీ గురించి, కళ్ళెం గురించి, నేను గుర్రాన్ని గారం చేస్తున్నానని, ఇంకా ఏవేవో అన్నాడు. నేనూ ఊరుకోలేదు. "ఇన్ని దినాలు ఎక్కింది ఎవరు? నువ్వా, నేనా?" అన్నాను. కొట్టంలో ఉన్నవాళ్ళందరూ పని ఆపి మా వైపే చూశారు.

పట్టీ ఇంకొక బెజ్జం బిగించి గుర్రమెక్కాను. ఆయన కోసం ఎవరో బల్ల తెచ్చి వేశారు. నేను రెండు చుట్లు తిరిగి వచ్చేదాకా ఆయన దాని మీద కూర్చోలేదన్నా.

నీ చెల్లెలు
రామాంజినమ్మ